నలభైలో నర్సింగ్ క్లాసుకు

పిల్లలు హైస్కూలుకొచ్చాక మళ్లీ పుస్తకం పట్టే అమ్మలు అమెరికా తెలుగు ఇళ్లలో కనిపిస్తూనే ఉంటారు. వాళ్లలో కొందరి చూపు ఊళ్లోనే ఉన్న కమ్యూనిటీ కాలేజీ మీద, అక్కడి రెండేళ్ల నర్సింగ్ కోర్సు మీద పడుతుంది. మన దగ్గరైతే ఆ దారి లేదు. నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎంలో చేరాలంటే, ఏఎన్ఎంలకు తప్ప, 35 ఏళ్లు దాటకూడదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. అమెరికాలో వయసు అడిగే నాథుడు లేడు.

ఆ రెండేళ్ల కోర్సు వెనక ఓ కథ ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో నర్సులకు కటకట వచ్చింది. ఆసుపత్రుల్లోనే మూడేళ్లు చాకిరీ చేయిస్తూ పని నేర్పే రోజులవి. కాలేజీల్లో రెండేళ్లు చదివించినా నర్సులు తయారవుతారని కొలంబియా టీచర్స్ కాలేజీకి చెందిన మిల్డ్రెడ్ మోంటాగ్ వాదించారు. 1952లో ప్రయోగం మొదలైంది. ఇప్పటికీ ఆ రెండేళ్లవాళ్లూ, నాలుగేళ్ల డిగ్రీవాళ్లూ లైసెన్సు కోసం రాసేది ఒకటే పరీక్ష, ఎన్‌క్లెక్స్.

కమ్యూనిటీ కాలేజీ తలుపు అందరికీ తెరిచే ఉంటుందంటారు. నిజమే, కానీ అది వీధి తలుపు. నర్సింగ్ గది లోపలెక్కడో ఉంది. ముందు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, ఇంగ్లిష్, సైకాలజీ పూర్తిచేయాలి. ఇల్లు చూసుకుంటూ ఒకటో రెండో సబ్జెక్టులు తీసుకునేవాళ్లకు ఇక్కడే రెండేళ్లు గడిచిపోతాయి. ఆపైన చాలాచోట్ల ప్రవేశ పరీక్ష. అయినా సీటు ఖాయం కాదు: కొన్నిచోట్ల మార్కుల పోటీ, కొన్నిచోట్ల వెయిటింగ్ లిస్టు, ఇంకొన్నిచోట్ల ఏకంగా లాటరీ. ఐదేళ్లో ఏడేళ్లో దాటిన సైన్సు మార్కులు చెల్లవనే కాలేజీలూ ఉన్నాయి. ఎప్పటిదో బీఎస్సీ సర్టిఫికెట్ అక్కడ అక్కరకు రాదు.

అక్కరకు రాకపోగా అడ్డొస్తుంది కూడా. చేతిలో డిగ్రీ ఉంటే, అది ఇండియాదైనా సరే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు రాదు. ఇదెక్కడి న్యాయమో! భర్త హెచ్-1బీ వల్ల వచ్చే హెచ్-4 వీసా మీదున్నవాళ్లు చదువుకోవచ్చు. పని అనుమతి పత్రం, అదే ఈఏడీ, లేకుండా ఉద్యోగం మాత్రం చేయలేరు. ఈ లెక్క ఫీజు కట్టకముందే చూసుకోవాలి.

సీటొచ్చాక మందుల మోతాదు లెక్కల పరీక్ష. పాసు మార్కే 90 శాతం పెట్టిన కాలేజీలున్నాయి. వెయ్యి మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, సెట్టులో మిల్లీలీటరుకు 15 చుక్కలు. నిమిషానికి ఎన్ని? 31. ఎంపీసీ చదివినవాళ్లకు నవ్వొస్తుంది. ఆ నవ్వు సున్నా దగ్గర ఆగిపోతుంది. అర మిల్లీగ్రామును .5 అని రాయకూడదు, 0.5 అనే రాయాలి. చుక్క కనబడకపోతే రోగికి పది రెట్ల మందు వెళ్తుంది. అయిదును 5.0 అని రాసినా తప్పే, కంగారులో 50 అని చదువుతారు. మన స్కూళ్లలో ఇలాంటి తప్పుకు అర మార్కు పోయేది, అంతే.

క్లినికల్స్, అంటే ఆసుపత్రి శిక్షణ, ఉన్న రోజున తెల్లవారకముందే బయల్దేరాలి. పడక మీదే రోగికి స్నానం చేయించడం, బెడ్‌పాన్ తీయడం, దుప్పటి మార్చడం అన్నీ చేయాల్సిందే. ఫోన్‌లో ఊరికి చెబితే "ఇంత చదివి ఆ పనా?" అంటారు. 2024 మేలో అక్కడి రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లని అమెరికా కార్మిక శాఖ లెక్క. అది చెబితే గొంతు మారుతుంది. మారకపోయినా, ఫీజు కట్టేది వాళ్లు కాదు కదా.

లైసెన్సు వచ్చిందని పుస్తకాలు సర్దేయడానికీ లేదు. కొత్తగా రిజిస్టర్డ్ నర్సులైనవాళ్లు పదేళ్లలోపు నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ పూర్తిచేయాలని న్యూయార్క్ రాష్ట్రం 2017లో చట్టమే చేసింది. సరిగ్గా అప్పటికే ఇంట్లో పిల్లల కాలేజీ ఫీజులూ మొదలవుతాయి.