కొత్త కోడలు డైటింగ్‌లో ఉంది!

పెళ్లికి ముందు ఆర్నెల్లు నోరు కట్టేసుకుని కిలోలకు కిలోలు తగ్గుతారు. తీరా పెళ్లయ్యాక విందులూ, గుళ్లూ, హనీమూనూ కలిసి నెలరోజుల్లో సగం బరువు వెనక్కి తెచ్చిపెడతాయి. తప్పు నాలుకదా, మొహమాటానిదా?

'ఏమ్మా, మా వంట నచ్చలేదా?'

కొత్త కోడలికి ఇంతకన్నా కష్టమైన ప్రశ్న ఇంకోటి ఉండదు. అరిటాకులో అప్పటికే రెండు బొబ్బట్లున్నాయి. వాటి మీద తేలుతూ నెయ్యి ఉంది. నేతిగిన్నె పట్టుకుని పెద్దత్తగారు పక్కనే నిలబడి ఉన్నారు. 'చాలండీ' అంటే నచ్చలేదని అర్థం. 'డైటింగ్' అంటే పొగరని అర్థం. ఏమీ అనకపోతే... మూడో బొబ్బట్టు అని అర్థం!

ఇలాంటి అమ్మాయి ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు. హైదరాబాద్‌లో ఉద్యోగం, గోదావరి జిల్లాలో అత్తారిల్లు అనుకోండి. నిశ్చితార్థం నాటికి 76 కిలోలు. పొద్దున్నే రాగిజావ, రాత్రికి రెండు పుల్కాలు, సాయంత్రాలు నడక... ఆర్నెల్లలో 66కి దిగింది. పీటల మీద చూసి 'ఎంత నాజూగ్గా ఉందో' అని మురిసిపోయినవాళ్లే, మర్నాటి నుంచి 'అలా చిక్కిపోతే ఎలాగమ్మా' అంటూ వడ్డించడం మొదలుపెట్టారు. పదహార్రోజుల పండగ అయ్యేసరికి మెషీన్ మీద ముల్లు 69 దగ్గర ఆగింది. ఆ రాత్రి పిల్ల ఏడ్చింది. మర్నాడు ఉపవాసమని అత్తగారితో అబద్ధం చెప్పింది. అసలు చిక్కు మొదలైంది అక్కడే.

ఆ పిల్లది సోకు కాదు. ఎత్తు 160 సెంటీమీటర్లు. మనదేశంలో వైద్యులు 2009లో ఖరారు చేసుకున్న లెక్కల ప్రకారం బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అంటే ఈ ఎత్తుకి 59 కిలోల దగ్గర మొదటి గీత, 64 దగ్గర రెండో గీత. పైగా ఆమెకి పీసీఓఎస్ ఉంది. ఉన్న బరువులో అయిదు శాతం తగ్గినా నెలసరి గాడిలో పడే అవకాశం పెరుగుతుందని డాక్టరు చెప్పిన మాట వల్లే ఇంత కష్టమూ పడింది. ఆ సంగతి అత్తగారికి తెలియదు. ఆ మాటకొస్తే, మొగుడికీ తెలియదు!

మూడు కిలోల మాయ

ముందు ఆ మూడు కిలోల సంగతి తేలుద్దాం. ఒంట్లో కిలో కొవ్వు పేరుకోవాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. మూడు కిలోలంటే 23 వేల పైమాటే. పదహారు రోజులకు పంచితే రోజుకి 1,400 పైచిలుకు... అదీ ఒక్కరోజు కూడా మానకుండా! ఎంత గోదారోళ్ల మర్యాదైనా అంత తినిపించడం కష్టం.

మరి ముల్లెందుకు కదిలింది? చాలామటుకు నీళ్లు. అన్నం, తీపి పదార్థాల నుంచి వచ్చే చక్కెరని శరీరం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆపైన ఆవకాయ, అప్పడం, వడియాల్లోని ఉప్పు ఇంకాస్త నీటిని ఆపుతుంది. మామూలు తిండిలో పడ్డ నాలుగైదు రోజులకి ఇందులో చాలాభాగం దానంతటదే పోతుంది. అంచేత విందు మర్నాడే మెషీనెక్కి కళ్లనీళ్లు పెట్టుకోనక్కర్లేదు, వారం ఆగి చూసుకుంటే నిజం తెలుస్తుంది. 2017-18లో రెండు తెలుగు రాష్ట్రాలనీ ఊపేసిన కొబ్బరినూనె డైట్‌లో మొదటివారమే కిలోలు రాలిపోవడం వెనక ఉన్నదీ ఎక్కువగా ఈ నీళ్ల మాయే, కాకపోతే తిరగేసి.

అలాగని ధీమా పడటానికీ లేదు. నీళ్లు పోతాయి కానీ అలవాటు ఉండిపోతుంది. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పెళ్లి చేసుకున్న, లేదా కలిసి కాపురం పెట్టిన యువతీయువకులు ఊబకాయంలోకి జారే అవకాశం ఇంకా ప్రేమించుకునే దశలోనే ఉన్నవారికన్నా ఎక్కువని తేలింది. ఇద్దరూ కలిసి తినడం, ఒకరికోసం ఒకరు వండటం, 'ఇవాళ బయట తిందామా' అనుకోవడం... ముచ్చట్లన్నీ పళ్లెం చుట్టూనే కదా! మన దగ్గరైతే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతానికి, తెలంగాణలో 30 శాతానికి బరువు ఎక్కువే. దేశ సగటు 24.

'వద్దు' అని ఎవరనాలి?

2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి ఓ కుటుంబం 365 రకాలు వడ్డించిన వార్త గుర్తుండే ఉంటుంది. అన్ని రకాల్నీ ఆ అబ్బాయి తినేయాలని వడ్డించినవాళ్లు మాత్రం అనుకుంటారా? వాళ్ల సంబరం పెట్టడంలో ఉంది, ఖాళీ అవడంలో కాదు. కొత్త దంపతులు పట్టుకోవాల్సిన కిటుకు ఇదే. ప్రేమగా చేసింది రుచి చూడకపోతే మనసు నొచ్చుకుంటుంది. మారు వడ్డించుకోకపోతే నొచ్చుకునేవాళ్లు తక్కువ. కాబట్టి గొడవంతా మొదటి వడ్డనతో కాదు, మారుతోనే. ఒక బొబ్బట్టు నిదానంగా, మెచ్చుకుంటూ తినేవాళ్లని చూస్తే పెట్టినవాళ్లకీ తృప్తే. ఆబగా రెండు మింగేసి ఆకు ఖాళీ చేశారో... ఖాళీ ఆకు మూడోదానికి పిలుపు!

ఇక 'వద్దు' అనే మాట. ఇది కొత్తగా వచ్చిన మనిషి నోటి నుంచి వస్తే తిరస్కారంలా వినిపిస్తుంది. అదే ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి అంటే మామూలు మాట. అంటే అత్తారింట్లో కోడలి తరఫున కొడుకు చెప్పాలి, అల్లుడి తరఫున కూతురు చెప్పాలి. అదీ విస్తరి ముందు కాదు, ముందురోజు ఫోన్లో. 'తను స్వీట్లు తినదమ్మా' అని ఊరుకుంటే కోపం వస్తుంది. 'తను స్వీట్లు తగ్గించిందమ్మా, నీ చేపల పులుసు మాత్రం తినాలంటోంది' అని చూడమనండి. ఒకటి వద్దన్నారన్న బాధ కన్నా ఒకటి అడిగి చేయించుకుంటున్నారన్న ఆనందం ఏ తల్లికైనా ఎక్కువే. ఈ రాయబారం నడవాలంటే ముందు మొగుడికి విషయం తెలియాలిగా. పీసీఓఎస్ అంటే ఏమనుకుంటాడోనని దాచుకునే అమ్మాయిలూ, షుగరు అంచున ఉన్నానని అత్తారింట్లో నోరు విప్పని అబ్బాయిలూ బోలెడంతమంది. టికెట్లు బుక్ చేసుకునే ముందే ఆ కబురు చెప్పుకోవడం నయం.

అన్నట్టు, మన విస్తరిలో అన్నీ శత్రువులే లేవు. పప్పు, కూరలు, చారు, మజ్జిగ ఎప్పుడూ ఉండేవే. తెలంగాణ వైపు అత్తారిల్లయితే జొన్నరొట్టె అడిగితే కాదనరు. సకినాలు, సర్వపిండి దగ్గర మాత్రం నూనె సంగతి గుర్తుంచుకోవాలి. పూతరేకు కాగితంలా తేలిగ్గా ఉంటుంది కదాని మూడు లాగించేవాళ్లుంటారు. లోపలున్నది నెయ్యీ, బెల్లమో పంచదారో అని మడత విప్పితేగానీ తెలియదు! చిన్న చెంచాడు నెయ్యి 45 కేలరీలు. పెద్దత్తగారు వేసేది చెంచాతో కాదు, గరిటెతో.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు పంచదారని రోజువారీ కేలరీల్లో అయిదు శాతం లోపు ఉంచమంటున్నాయి. రెండు వేల కేలరీలు తినేవారికి అది పాతిక గ్రాములు. పావులీటరు కోలాతోనే ఆ కోటా అయిపోతుంది. చుట్టాలిళ్లకి వెళ్లినప్పుడు బొబ్బట్లని చూసి భయపడతారు కానీ నిజానికి దెబ్బకొట్టేవి ఇంటింటికీ ఇచ్చే టీలూ, కూల్‌డ్రింకులే. నాలుగిళ్లలో రెండేసి చెంచాల పంచదారతో నాలుగు టీలు తాగితే నలభై గ్రాములు! అక్కడ 'మంచినీళ్లు చాలండీ' అంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. తీపి తినాలనుంటే చేత్తో చేసిపెట్టినదానికి దాచుకోవచ్చు.

బండెక్కాక...

మొదటి ప్రయాణం చాలామందికి అన్నవరమే. సత్యనారాయణ వ్రతం చేసుకోవాలి కదా. గోధుమరవ్వ, పంచదార, నెయ్యి కలిసిన ఆ ప్రసాదాన్ని వద్దనే పాపం ఎవరు మూటగట్టుకుంటారు? ఒక్క పొట్లం ఇద్దరూ పంచుకుంటే సరి. తిరుమల లడ్డూ అయినా అంతే. ఒక్కోటి 160 నుంచి 180 గ్రాములుంటుంది. అది పదిమందికి చిదిపి పెట్టడానికే పుట్టింది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కితే ఒంటికి మంచిదే. 'నడిచొచ్చాం కదా' అని కొండమీద ఒక్కొక్కరూ ఒక్కో లడ్డూ తినేస్తే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

రైల్లో ఆకలికన్నా తోచకపోవడం వల్ల తినేదే ఎక్కువ. సమోసాలవాడు ప్రతి పది నిమిషాలకీ వస్తాడు. సంచిలో జామకాయలు, వేయించిన శనగలు, ఉడకబెట్టిన గుడ్లు ఉంటే వాడి కేక అంతగా వినిపించదు. అరకు వెళ్లినవారికి ఓ వరం ఉంది. బొంగులో చికెన్. వెదురు గొట్టంలో కూరి నిప్పుల మీద కాల్చే ఈ వంటకానికి మామూలుగా నూనె అక్కర్లేదు.

హోటళ్లలో ఉదయం బఫే దగ్గర తొందరపడకూడదు. పళ్లెం తీసుకోకముందే ఓ చుట్టు తిరిగి చూసి, ఇడ్లీనో ఆమ్లెట్టో పండ్లో ఎంచుకోవాలి. పక్కన గాజు జగ్గుల్లో మెరిసే జ్యూసులని పండ్ల ఖాతాలో వేయకూడదు. 'డబ్బులు కట్టాం కదా' అన్న మాటే అక్కడ అన్నిటికన్నా ఎక్కువ కేలరీలున్న పదార్థం! ఊటీ, కొడైకెనాల్ లాంటిచోట్ల కార్లో తిరిగే బదులు సగం చోట్లకి నడవొచ్చు. కొత్త జంటకి కబుర్లు ఎలాగూ తరగవు.

దొంగ ఉపవాసాలు

ఆ అమ్మాయి చెప్పిన అబద్ధం దగ్గరికొద్దాం. పగలు మొహమాటానికి తినడం, మర్నాడు దొంగచాటుగా మానేయడం... దీనివల్ల ఆకలి పెరిగి మూడోనాడు ఇంకా ఎక్కువ తింటారు. తగ్గేది కొవ్వుతోపాటు కండ కూడా. తిండి మరీ తగ్గించేస్తే రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడటం మొదలవుతుంది. దానికి అత్తారింటి నీళ్లు పడలేదని పేరు పెడతారు. వారానికి అరకిలో తగ్గడం భద్రమైన వేగం. ప్రయాణాల నెలలో అసలు తగ్గకపోయినా, పెరగకుండా ఉంటే అదే గెలుపు.

పైగా 2019-21 సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా... ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59 శాతం, తెలంగాణలో దాదాపు 58 శాతం రక్తహీనతతో ఉన్నారు. లావుగా ఉన్నంతమాత్రాన రక్తం ఉన్నట్టు కాదు. పిల్లల కోసం ఆలోచిస్తున్నవారు గర్భం దాల్చడానికి కనీసం నెల ముందు నుంచీ రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. అలాంటి సమయంలో కడుపు మాడ్చుకోవడం ఇద్దరికీ చేటు.

2025లో మన మార్కెట్లోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లతో మరింత జాగ్రత్త. పెళ్లికి ముందు మొదలుపెట్టి ఎవరికీ చెప్పకుండా కొనసాగించేవారు ఓ విషయం తెలుసుకోవాలి. సెమాగ్లూటైడ్‌ని గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. టిర్జెపటైడ్ వాడుతుంటే నోటితో వేసుకునే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. ఈ రెండు మాటలూ డాక్టరుతోనూ, మొగుడితోనూ మాట్లాడుకోవాల్సినవి.

మన కొత్త కోడలు మొగుడికి చెప్పింది, రైల్లో. అతను మొదట తెల్లబోయి, తర్వాత తల్లికి ఫోన్ చేశాడు. ఆషాఢానికి పుట్టింటికి వెళ్లొచ్చాక శ్రావణం. పేరంటానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ వాయనంగా నానబెట్టిన శనగలే. అత్తగారే వాటిని ఉడికించి, ఒక్క చెంచా నూనెతో తాలింపు పెట్టి, ఉల్లిపాయ ముక్కలు చల్లి గిన్నెలో ఇచ్చారు.

'నాకూ షుగరుందిగా' అన్నారావిడ, తన గిన్నె పట్టుకుని పక్కనే కూర్చుంటూ. 'ఆ రాగిజావ ఎలా కాస్తావో రేపు కాస్త చూపించమ్మాయ్.'