దత్తపుత్రుడి పదకొండు గోల్స్

2001 మార్చి 24, శనివారం. యూరప్ అంతటా ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లు. ఓస్లోలో నార్వేను వాళ్ల సొంత మైదానంలోనే పోలండ్ 3–2తో ఓడించింది. పోలండ్‌కు గోల్ కొట్టినవాళ్లలో నైజీరియాలో పుట్టిన నల్లజాతి కుర్రాడు ఒకడున్నాడు. పేరు ఇమ్మాన్యుయేల్ ఒలిసడేబె. అదే రోజు జర్మనీలోని లెవర్కూజెన్‌లో అల్బేనియాతో ఆట 1–1 దగ్గర ఈడుస్తోంది. జర్మనీ చొక్కా మొదటిసారి వేసుకుని ఆఖర్లో మైదానంలోకి దిగిన ఒక కుర్రాడు 88వ నిమిషంలో గోల్ కొట్టి జట్టును గట్టెక్కించాడు. మిరొస్లావ్ క్లోజె. పుట్టింది పోలండ్‌లోని ఒపోలె పట్టణంలో.

ఇద్దరూ 1978లోనే పుట్టారు. ఒకడు జూన్‌లో, ఒకడు డిసెంబర్‌లో. పోలండ్ గడ్డ మీద పుట్టినవాడు జర్మనీకి ఆడుతున్నాడు, నైజర్ డెల్టాలో పుట్టినవాడు పోలండ్‌కు ఆడుతున్నాడు. క్లోజె కథ ప్రపంచానికంతా తెలుసు. ప్రపంచకప్‌లో 16 గోల్స్, 2014లో కప్పు. ఒలిసడేబె కథ పోలండ్ దాటి పెద్దగా ఎవరికీ పట్టలేదు. ‘దేశం తరఫున ఆడటం’ అని మనం తేలిగ్గా అనేసే మాట లోపల ఎంత బేరం ఉంటుందో తెలియాలంటే మాత్రం రెండోవాడి కథే చదవాలి.

చమురు పట్టణం వారీలో పుట్టిన ఒలిసడేబె జాస్పర్ యునైటెడ్ అనే నైజీరియా క్లబ్బులో ఆడాడు. 1997లో, ఇంకా ఇరవై నిండకుండానే, పోలండ్ వచ్చి పొలోనియా వార్సా క్లబ్బులో చేరాడు. 1911లో పుట్టిన పొలోనియా రాజధానిలో అన్నిటికంటే పాత క్లబ్బు, కానీ పెద్దరికమంతా ఊళ్లోనే ఉన్న లెగియాది. పొలోనియా లీగ్ గెలిచింది ఒక్కసారే, 1946లో, బాంబుల దెబ్బకు నేలమట్టమైన వార్సాలో జనం ఇంకా శిథిలాలు ఎత్తుతున్న రోజుల్లో. రెండో టైటిల్ 2000లో వచ్చింది, 54 ఏళ్లకు. అది ఖాయమైంది కూడా లెగియా మైదానంలో లెగియానే 3–0తో కొట్టి! ఆ జట్టుకు ముందు వరస ఒలిసడేబె. మరీ ఆజానుబాహుడేం కాదు. వేగం ఉంది, భుజబలం ఉంది, బంతి కాలికి తగలకముందే గోల్ ఎటుందో తెలిసిన చూపుంది. అభిమానులకు ‘ఓలీ’ అయిపోయాడు.

అందరికీ కాదు. లీగ్ మ్యాచ్‌లలో ప్రత్యర్థి గ్యాలరీల నుంచి కోతి అరుపులు వినిపించేవి. మైదానంలోకి అరటిపళ్లు విసిరారు. రెండో ప్రపంచ యుద్ధం, దాని వెంట వచ్చిన సరిహద్దు మార్పులు, జనాల తరలింపులు అయ్యాక పోలండ్ దాదాపు ఒకే జాతి, ఒకే భాష, ఒకే మతం ఉన్న దేశంగా మిగిలింది. నల్ల మనిషిని వీధిలో చూడటమే వింతగా ఉన్న కాలం. తెల్ల డేగ గుర్తున్న చొక్కాను అలాంటి మనిషి వేసుకుంటాడన్న ఊహ 1997లో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాళ్లు.

మూడేళ్లలో ఆ నవ్వు ఎలా ఆగింది? జవాబు పోలండ్ జాతీయ జట్టు స్కోర్లలో ఉంది.

మన పల్లెల్లో దత్తత ఎప్పుడు తీసుకునేవారు? వారసుడు లేనప్పుడు. పిల్లాడి మీద ప్రేమ ఉంటే ఉండొచ్చు. ముందు మాత్రం పొలానికి, తలకొరివికి మనిషి కావాలి. పోలండ్ ఫుట్‌బాల్‌కు అప్పుడు అచ్చం అలాంటి అవసరమే వచ్చింది. 1974లో, 1982లో ప్రపంచకప్ మూడో స్థానం తెచ్చిన దేశం అది. లాటో, బోనియెక్ లాంటి పాత ఆటగాళ్ల పేర్లు చెప్పుకుని బతికే దేశం. 1986 తర్వాత వరసగా మూడు ప్రపంచకప్‌లకు వెళ్లలేకపోయింది. యూరో కప్ గడప అయితే అప్పటికి ఒక్కసారీ తొక్కలేదు. 2000 ఆరంభంలో కోచ్‌గా వచ్చిన యెజి ఎంగెల్ చేతికి అందిన జట్టు గోల్ కోసం మొహం వాచి ఉంది. తొలి నాలుగు మ్యాచ్‌లలో ఒక్క గోలూ లేదు. ఎంగెల్ అంతకుముందు పొలోనియాలో పనిచేసినవాడే. ఓలీ కాళ్లలో ఏముందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పోలండ్ పౌరసత్వానికి అప్పట్లో మామూలుగా అయిదేళ్ల నివాసం కావాల్సి ఉండేది. అధ్యక్షుడు తలుచుకుంటే ఏ షరతూ లేకుండా ఇవ్వొచ్చు. అధ్యక్షుడు అలెక్సాండర్ క్వాష్నియెవ్‌స్కి తలుచుకున్నాడు. 2000 జులైలో సంతకం పడింది. అధికారుల గుమ్మాల ముందు ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకు తిరిగే వలసవాళ్లకు ఆ వేగం ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. పాస్‌పోర్టు చేతికొచ్చిన కొద్ది వారాలకే, ఆగస్టు 16న బుకారెస్ట్‌లో రొమేనియాపై తొలి మ్యాచ్. పోలండ్ జాతీయ జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. మ్యాచ్ 1–1. పోలండ్ కొట్టిన ఆ ఒక్క గోలూ అతనిదే.

ఆ తర్వాత ఏడాది పాటు ఒక ఊపు ఊపాడు. సెప్టెంబర్ 2న కీవ్‌లో ఉక్రెయిన్‌తో అర్హత పోటీ మొదలైంది. షెవ్‌చెంకో లాంటివాడున్న జట్టు, ఇల్లు వాళ్లది. ఒలిసడేబె మూడో నిమిషంలోనే కొట్టాడు, విరామానికి ముందే ఇంకొకటి కొట్టాడు. పోలండ్ 3–1. అక్కడి నుంచి ఓస్లో, కార్డిఫ్, ఎక్కడికెళ్తే అక్కడ అతని గోల్స్. 2001 సెప్టెంబర్ 1న ఖోజూవ్‌లో, సిలీసియా బొగ్గు గనుల నడుమ ఉన్న ఆ పెద్ద స్టేడియంలో, నార్వేను 3–0తో మట్టికరిపించి పోలండ్ పదహారేళ్ల తర్వాత ప్రపంచకప్ ఆడే అర్హత సాధించింది. డిఫెండింగ్ ఛాంపియన్ ఫ్రాన్స్‌ను పక్కనపెడితే, యూరప్ నుంచి అందరికంటే ముందు టికెట్ తెగిన దేశం అదే. అర్హత పోటీల్లో ఒలిసడేబె గోల్స్ ఎనిమిది. అరటిపళ్లు విసిరిన దేశమే ఇప్పుడు అతని పేరు పెట్టి అరిచింది. రెండు రకాల అరుపులూ ఒకే గ్యాలరీల నుంచి వచ్చాయని ఎవరూ గుర్తు చేసుకోలేదు. గెలుస్తున్నప్పుడు ఎవరు మాత్రం చేసుకుంటారు?

ఎంగెల్ అదే కాలంలో ఇంకో తలుపూ తట్టాడు. జర్మనీ క్లబ్బు కైజర్స్‌లౌటర్న్‌లో ఆడుతున్న క్లోజెను కలిసి పోలండ్‌కు రమ్మన్నాడు. క్లోజె తండ్రి ఒపోలె క్లబ్బులోనూ, ఫ్రాన్స్‌లోని ఒసేర్‌లోనూ ఆడిన ఫుట్‌బాలర్. తల్లి పోలండ్ జాతీయ హ్యాండ్‌బాల్ జట్టు గోల్‌కీపర్. జర్మన్ మూలాలున్న ఆ కుటుంబం జర్మనీకి వచ్చేసినప్పుడు పిల్లాడికి ఎనిమిదేళ్లు. క్లోజె వద్దన్నాడు. అతనికి జర్మనీ పాస్‌పోర్టు ఉంది, జర్మనీ జట్టులో చోటు దొరికే సూచనలూ కనిపిస్తున్నాయి. అలా ఎంచుకునే వీలు క్లోజెకు ఉండింది. ఒలిసడేబెకు అంతగా లేదు. పెద్దల జట్టులోకి నైజీరియా అతన్ని పిలవలేదు. పోలండ్ పిలిచింది. అతని భార్య కూడా పోలండ్ అమ్మాయే. ఇలాంటి ఆటగాళ్లను కొందరు ‘కిరాయి సైనికులు’ అంటారు. పిలిచినవాళ్ల ఇంటికి వెళ్లడం కిరాయి ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇక 2002 జూన్. దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఆతిథ్య జట్టుతో తొలి మ్యాచ్. ఆటకు ముందు పోలండ్ పాప్ గాయని ఎడీటా గుర్నియాక్ జాతీయ గీతాన్ని ఎంత సాగదీసి పాడిందంటే, ఓటమికి ఆ పాటే కారణమని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. పాట సంగతి ఏమైనా, ఆట మాత్రం అంతకంటే నెమ్మదిగా సాగింది. కొరియా 2–0. తర్వాత పోర్చుగల్ 4–0. రెండు మ్యాచ్‌లకే మూట సర్దేసుకున్న జట్టు, పరువు కోసం అమెరికాతో దేజన్‌లో ఆడింది. మూడో నిమిషంలో ఒలిసడేబె గోల్. పోలండ్ 3–1తో గెలిచి గ్రూపు అట్టడుగున ఇంటికొచ్చింది. పదహారేళ్ల నిరీక్షణకు దక్కింది అదొక్క గెలుపే. ఎంగెల్ వెళ్లిపోయాడు, కోచ్‌గా బోనియెక్ వచ్చాడు. క్లోజె అదే టోర్నీలో అయిదు గోల్స్ కొట్టాడు, అయిదూ తలతోనే. అతని జట్టు ఫైనల్ దాకా వెళ్లింది.

క్లబ్బు ఆటలో మాత్రం ఒలిసడేబెకు ఇంకా మంచి రోజులున్నాయి. 2001 ఆరంభంలోనే ఏథెన్స్‌లోని పనతినైకోస్ అతన్ని కొనుక్కుంది. ఆ జట్టు 2002లో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లి బార్సిలోనా చేతిలో ఓడింది. 2003 మార్చిలో యుయెఫా కప్ క్వార్టర్ ఫైనల్ మొదటి అంచెలో మరో మెరుపు. మొరీన్యో శిక్షణలోని పోర్చుగల్ క్లబ్బు పోర్టోను వాళ్ల ఇంట్లోనే 1–0తో పడగొట్టింది ఒలిసడేబె గోలే. రెండో అంచెలో పోర్టో తేరుకుని ఆ ఏడాది కప్పు కూడా ఎత్తుకుపోయింది, అది వేరే విషయం. ఆ పోర్టో జట్టుకు మెదడు డెకో, పుట్టుక బ్రెజిల్. అదే నెల 29న, అదే మైదానంలో, డెకో తొలిసారి పోర్చుగల్ చొక్కా వేసుకుని బెంచీ నుంచి వచ్చి ఫ్రీకిక్‌తో గెలుపు గోల్ కొట్టాడు. ఎవరి మీద? బ్రెజిల్ మీద. సినిమాలో ఇలా రాస్తే అతి అంటాం.

ఇలాంటివాళ్లు పెరుగుతుంటే అంతర్జాతీయ సమాఖ్య ఫిఫాకు కంగారు పట్టింది. ఆటగాడు ఎప్పుడూ ఆడని దేశం నుంచి డబ్బు వాసన వచ్చాక ఆ కంగారు నిబంధన రూపం ఎత్తింది. 2004లో జర్మనీ లీగ్‌లో గోల్స్ కొడుతున్న బ్రెజిల్ ఆటగాడు ఐల్టన్‌ను తమ జట్టులోకి తెచ్చుకోవాలని ఖతార్ చూసింది. కొత్త దేశంతో రక్త సంబంధమో, రెండేళ్ల నివాసమో ఉండాలని ఫిఫా వెంటనే గీత గీసింది. 2008లో ఆ నివాసాన్ని అయిదేళ్లు చేసింది, అదీ పద్దెనిమిదేళ్లు నిండాక లెక్క. ఒలిసడేబె పోలండ్ వచ్చి మూడేళ్లకే జాతీయ జట్టుకు ఆడాడు. ఈ అయిదేళ్ల గీత ముందే ఉండి ఉంటే కీవ్ లేదు, ఖోజూవ్ లేదు.

మన దేశంలో అడ్డుగోడ ఇంకా ఎత్తు. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టు లేనివాళ్లు జాతీయ జట్లకు ఆడకూడదని 2008 చివర్లో కేంద్రం తేల్చేసింది. గుజరాతీ తండ్రికి, జపాన్ తల్లికి పుట్టిన ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదిలేసి 2013 ఫిబ్రవరిలో కొచ్చిలో పాలస్తీనాపై ఆడాడు. తల్లి తరఫు వేళ్లు ముంబయిలో ఉన్న రయన్ విలియమ్స్ ఆస్ట్రేలియాకు ఒక మ్యాచ్ ఆడినవాడు. అతనూ 2025లో ఆ పాస్‌పోర్టు వదులుకుని మన పౌరసత్వం తీసుకున్నాడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి బంతి వెంట పరుగెత్తుతున్న తెలుగు పిల్లలదీ ఇదే సంగతి. చేతిలోని ఓసీఐ (విదేశీ భారత పౌరుల) కార్డు వీసా బాధ తప్పిస్తుంది, జట్టులో చోటు ఇవ్వదు. అమెరికా పాస్‌పోర్టు వదిలేసి రమ్మని ఏ తండ్రి చెబుతాడు?

ఒలిసడేబెకు పాస్‌పోర్టు చిక్కు రాలేదు, మోకాలి చిక్కు వచ్చింది. గాయం మీద గాయం. 2004లో పనతినైకోస్ గ్రీసు లీగ్, కప్పు రెండూ గెలిచింది. జాతీయ జట్టుకు అతను చివరిసారి ఆడిందీ ఆ ఏడాదే. మొత్తం 25 మ్యాచ్‌లు, 11 గోల్స్. పాతికేళ్లకే పోలండ్‌కు అతనితో పని అయిపోయింది. 2006 జనవరిలో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ తీసుకుని రెండు మ్యాచ్‌లు ఆడించి వదిలేసింది. మళ్లీ గ్రీసు, అక్కడి నుంచి సైప్రస్‌లోని ఒక చిన్న క్లబ్బు.

2008లో పోలండ్ ఎట్టకేలకు యూరో కప్‌లో ఆడింది. తొలి మ్యాచ్ జర్మనీతో, ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫర్ట్‌లో. జర్మనీ 2–0. రెండు గోల్సూ పోలండ్‌లోని గ్లివిత్సెలో పుట్టిన లుకాస్ పొడోల్‌స్కివి. మొదటి గోల్‌కు బంతి అందించింది క్లోజె. పొడోల్‌స్కి సంబరం చేసుకోలేదు. నాలుగు రోజుల తర్వాత వియన్నాలో ఆస్ట్రియాపై పోలండ్ తరఫున రోజె గెరైరో గోల్ కొట్టాడు. లెగియాకు ఆడే ఈ బ్రెజిల్ కుర్రాడికి ఆ ఏప్రిల్‌లోనే, అంటే టోర్నీకి రెండు నెలల ముందు, అప్పటి అధ్యక్షుడు లేఖ్ కచిన్‌స్కి పౌరసత్వం ఇచ్చాడు. ఆ యూరో మొత్తంలో పోలండ్ చేసిన గోల్ అదొక్కటే.

ఆ ఏడాదే ఒలిసడేబె సైప్రస్ వదిలి చైనా వెళ్లాడు. హెనాన్ రాష్ట్ర క్లబ్బులో చేరి, అరిగిన మోకాళ్లతోనే జెంగ్‌జౌ మైదానంలో ఆడాడు. మరుసటి ఏడాది ఆ క్లబ్బు చైనా సూపర్ లీగ్‌లో మూడో స్థానంలో నిలిచి ఆసియా ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధించింది.