కాగితం మీద గొంతు

ఒక కామిక్ పేజీలోంచి అక్షరాలన్నీ తీసేసి చూడండి. నోరు తెరిచిన మనిషి బొమ్మ మిగులుతుంది. అరుస్తున్నాడో, ఆవలిస్తున్నాడో, పాడుతున్నాడో తెలియదు. ఎదురుగా ఉన్నావిడ ముందు మాట్లాడిందా, ఇతనా? అదీ తెలియదు. గీసినవాళ్ల లోపం కాదిది. బొమ్మకు గొంతు ఉండదు, అంతే. ఆ గొంతు పెట్టే మనిషిని కామిక్స్ రంగంలో లెటరర్ అంటారు. మాటల బెలూన్లు, వాటి తోకలు, కథనం పెట్టెలు, ‘ఢాం’లు, ‘ధబేల్’లు, చాలాసార్లు పుస్తకం పేరు రాసిన తీరు కూడా ఆ చేతి పనే. రచయితనూ చిత్రకారుడినీ పాఠకులు గుర్తుపెట్టుకుంటారు. లెటరర్ పేరు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అట్ట మీదికి ఎక్కడం అరుదు.

ఈ పని ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే ‘ది శాండ్‌మన్’ చూడాలి. నీల్ గెయ్‌మన్ రాసిన ఈ అమెరికన్ కామిక్ 1989 నుంచి 1996 దాకా 75 సంచికలు నడిచింది. దాదాపు మొత్తానికీ అక్షరాలు రాసినవాడు టాడ్ క్లీన్. కథానాయకుడైన కలల దొర మాట్లాడితే నల్లటి బెలూన్‌లో తెల్లటి అక్షరాలు, అంచులు అలల్లా వంకర్లు. అతని చెల్లెలు డెలీరియం మతి చెదిరిన పిల్ల. ఆమె మాటలో ఒక్కో అక్షరం ఒక్కో సైజు, బెలూన్ నిండా రంగులు. ఎవరు మాట్లాడుతున్నారో బొమ్మ చూడకుండానే చెప్పేయొచ్చు. కామిక్స్‌లో పేరున్న ఐస్‌నర్ అవార్డుల్లో లెటరింగ్ విభాగం 1993లో మొదలైతే తొలి బహుమతి క్లీన్‌దే. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో ఎక్కువసార్లు ఆయనకే వచ్చింది.

అయితే క్లీన్ చేసినట్టు కంటికి కనిపించే పని తక్కువ. మామూలు రోజుల్లో లెటరింగ్ బాగుందంటే అది ఉన్నట్టే తెలియకూడదు. తోక నోటి వైపు తిరగాలి, కానీ నోట్లోకి దూరకూడదు, దారి మధ్యలో ఆగాలి. గుసగుసకు గీతలు తెగిన అంచు, కేకకు ముళ్ల అంచు, ఫోన్లో వచ్చే గొంతుకు మెరుపులా విరిగిన తోక. ముందు మాట్లాడినవాళ్ల బెలూన్ పైన, ఎడమ పక్కన ఉండాలి. చిత్రకారుడు ఆ మనిషిని కుడి పక్క గీసి ఉంటే ఆ చిక్కు విప్పాల్సింది లెటరరే. బెలూన్ అంచు ఒక పాత్ర ముక్కును సరిగ్గా ఆనుకుంటే కన్ను అక్కడే ఇరుక్కుంటుంది. కాస్త ముక్కు మీదికి ఎక్కించాలి, లేదా దూరం జరపాలి. ఇంగ్లిష్ కామిక్స్‌లో పెద్దబడి ‘ఐ’కి పైనా కిందా అడ్డగీతలు ‘నేను’ అనే అర్థంలోనే రావాలి. మాట మధ్యలో వచ్చే ‘ఐ’కి అవి పెడితే, ఎడిటర్ ఆ లెటరర్‌ను కొత్తవాడి కింద జమ కడతాడు.

స్కూలు నోటీసుల్లో, పుట్టినరోజు కార్డుల మీద కనిపించే కామిక్ శాన్స్ ఫాంటు కూడా ఈ ఇంటి బిడ్డే. 1994లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న విన్సెంట్ కొనేర్ దాన్ని గీసేటప్పుడు ‘వాచ్‌మెన్’, ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ పుస్తకాల్లోని చేతిరాతను దగ్గర పెట్టుకున్నాడు. లెటరర్లు మాత్రం దాన్ని దగ్గరికి రానివ్వరు.

బల్ల మీంచి తెర మీదికి

ఒకప్పుడు లెటరర్ పని వరుస మధ్యలో ఉండేవాడు. చిత్రకారుడు పెన్సిల్‌తో గీసిన అట్ట మీదే, ఏమ్స్ గైడ్ అనే చిన్న ప్లాస్టిక్ పరికరంతో గీతలు కొట్టుకుని, సిరాతో మాటలు రాసేవాడు. ఆ తర్వాతే బొమ్మకు సిరా పడేది. అంటే బొమ్మా మాటా ఒకే కాగితం మీద, ఒకదాన్ని చూసుకుని ఒకటి ఎదిగేవి. 1992లో రిచర్డ్ స్టార్కింగ్స్, జాన్ రోషెల్ కామిక్‌క్రాఫ్ట్ అనే లెటరింగ్ సంస్థ మొదలుపెట్టారు. చేతిరాతను ఫాంట్లుగా మార్చి కంప్యూటర్‌లో బెలూన్లు వేయడం ఆ దశాబ్దంలోనే రివాజైంది. దాంతో లెటరర్ అట్టను వదిలి వరుస చివరికి వెళ్లాడు. బొమ్మ, సిరా, రంగు పూర్తయ్యాక ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ మాటలు సర్దాలి. పెళ్లి విందులో ఆఖరి పంక్తి కష్టమే ఇతనిదీ. రచయిత వారం ఆలస్యం చేశాడు, చిత్రకారుడు పది రోజులు చేశాడు, ప్రెస్‌కు వెళ్లే తేదీ మాత్రం కదలదు. తరిగిపోయేది లెటరర్ గడువే.

కానీ ఆ మార్పే ఇంకో తలుపు తెరిచింది. అట్ట అవసరం లేనప్పుడు లెటరర్ న్యూయార్క్‌లో ఉండాల్సిన పని లేదు. పుణెకు చెందిన ఆదిత్య బిడికర్ ఇందుకు మంచి ఉదాహరణ. 2020లో మొదలైన అమెరికన్ కామిక్ ‘ది డిపార్ట్‌మెంట్ ఆఫ్ ట్రూత్’కు అక్షరాలు ఆయనవి. రామ్ వి రాసి, సుమిత్ కుమార్ గీసిన ‘దీజ్ సావేజ్ షోర్స్’కు కూడా. పద్దెనిమిదో శతాబ్దపు మలబారు తీరంలో నడిచే ఆ కథలో ఉత్తరాలు చాలా ఉంటాయి. అలాంటి చోట కళ్లకు కనిపించేది మనిషి మొహం కాదు, అతని దస్తూరి.

పేజీకి ఇంత

ఫ్రీలాన్స్ లెటరర్‌కు డబ్బు సాధారణంగా పేజీ లెక్కన వస్తుంది. పేజీలో మూడు మాటలున్నా, రెండు వందలున్నా అదే రేటు. అమెరికన్ నెలవారీ సంచిక అంటే 20 నుంచి 22 పేజీలు. ఒక్క పుస్తకంతో ఇల్లు గడవదు కాబట్టి నెలకు ఐదారు పట్టుకుంటారు. ఎడిటర్ నుంచి స్క్రిప్టు, బొమ్మల ఫైళ్లు వస్తాయి. ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో పేజీ తెరిచి మాటలు పేర్చి, చుట్టూ బెలూన్ గీసి, తోక తగిలించి, చప్పుళ్లను చేత్తో మలిచి పీడీఎఫ్ పంపాలి. అసలు తంతు ఆ తర్వాతే. అచ్చు రూపంలో తన మాటలు చూసుకున్న రచయితకు ఒక్కసారిగా కొత్త ఆలోచనలు వస్తాయి. కరెక్షన్లు ఎన్ని విడతల దాకా ఉచితమో ముందే కాగితం మీద పెట్టుకోని ఫ్రీలాన్సర్ ఒకే పేజీని నాలుగుసార్లు చేస్తాడు. న్యూయార్క్‌కూ మనకూ ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర గంటలు తేడా. వాళ్లు మధ్యాహ్నం అడిగిన మార్పు మనకు అర్ధరాత్రి పని.

‘ఇప్పుడు డబ్బు లేదు, లాభాల్లో వాటా ఇస్తాం’ అనేవాళ్లు ఈ రంగంలోనూ ఉన్నారు. వాళ్లకో దండం పెట్టి పక్కకు తప్పుకోవడమే మేలు. కామిక్స్ ఒక్కటే నమ్ముకున్నవాళ్లు తక్కువ. మిగతా రోజుల్లో పుస్తకాల అట్టలు, లోగోలు, సినిమా టైటిళ్లు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న గ్రాఫిక్ డిజైనర్‌కు ఇవన్నీ తెలిసిన పనులే. కొత్తగా నేర్చుకోవాల్సింది బెలూన్ ఒక్కటే. సాధనకు ఖర్చు కూడా పెద్దగా లేదు. బ్లాంబాట్ లాంటి సంస్థ కొన్ని ఫాంట్లను సొంతంగా కామిక్స్ వేసుకునేవాళ్లకు ఉచితంగానే ఇస్తోంది.

తెలుగు బెలూన్ ఎందుకు ఉబ్బుతుంది?

ఇంగ్లిష్ కామిక్స్‌లో అన్నీ పెద్దబడి అక్షరాలే ఎందుకు? అవి గీత కిందికి దిగవు, కాబట్టి వరుసలను దగ్గర దగ్గరగా పేర్చొచ్చు. మన లిపి దీనికి పూర్తిగా అడ్డం. ‘స్త్రీ’ అని రాయండి. నెత్తిన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఆ ఒత్తులు కింది వరుస తలకట్టును గుద్దుకోకూడదంటే ఎడం పెంచాలి. ఎడం పెరిగితే బెలూన్ ఉబ్బుతుంది, ఉబ్బిన బెలూన్ బొమ్మను మింగుతుంది. దానికి తోడు ‘వెళ్లిపోవాల్సొచ్చింది’ లాంటి మాటలు. బెలూన్‌లో వరుసలు పైనా కిందా పొట్టిగా, నడుమ పొడుగ్గా ఉంటే అందం. ఇలాంటి మాట పై వరుసలో పడితే ఆ అందం పోయినట్టే. ఇంగ్లిష్ కోసం గీసిన బెలూన్లలో తెలుగు కుక్కిన బొమ్మల పుస్తకాలు అంత ఇరుకుగా కనిపించేది ఇందుకే.

నొక్కి చెప్పడం ఇంకో తగువు. అమెరికా వాళ్లు నొక్కే మాటను లావు చేసి, పక్కకు వాలుస్తారు. తెలుగు అక్షరాన్ని వాలిస్తే పడిపోబోతున్నట్టు ఉంటుంది తప్ప కోపం వినిపించదు. మనం మాట చివర సాగదీసి నొక్కుతాం: ‘నువ్వే చేశావ్’, ‘నేనూ వస్తా’. ఆ పని వ్యాకరణమే చేసేసినప్పుడు మళ్లీ లావు చేయడం అరిచిందే అరవడం. చప్పుళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఫెళఫెళ, సర్రున, కిర్రుమని, ఠంగున, ధభీమని... ఇంత సొత్తు ఉండీ అనువాద కామిక్స్‌లో ‘బూమ్’ ఇంగ్లిష్‌లోనే ఉండిపోతుంది. అది బొమ్మలో కలిసిపోయి ఉంటే చెరిపి మళ్లీ గీయాలి, ఆ ఖర్చు పెట్టేవాళ్లు తక్కువ.

చాలా ఏళ్లు కంప్యూటర్ కూడా కలిసి రాలేదు. మన డీటీపీ సెంటర్లు అను ఫాంట్ల మీద నడిచాయి. ఆ మ్యాటర్ ఇంకో చోట పెడితే అర్థం లేని రోమన్ గుర్తులు వచ్చేవి. యూనికోడ్ వచ్చాక కూడా ఇల్లస్ట్రేటర్‌లో దక్షిణాసియా లిపుల కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, లక్కిరెడ్డి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. లక్కిరెడ్డికి చేతిరాత పోలిక ఉంది.

చేతిరాత అనగానే మనకు బాపు. ఆయన కార్టూన్లలో బొమ్మనూ మాటనూ విడదీయలేం, రెండూ ఒకే కుంచె. నా లెక్కలో తెలుగులో మొదటి గొప్ప లెటరర్ ఆయనే, ఆ పేరుతో ఎవరూ పిలవకపోయినా. ఆ అక్షరాలు ఫాంటుగా వచ్చి శుభలేఖలన్నీ నింపాయి. కానీ ఫాంటులో ప్రతి ‘క’ ఒకేలా ఉంటుంది. బాపు చేతిలో ఏ రెండు ‘క’లూ ఒకేలా లేవు. ఇంగ్లిష్ కామిక్ ఫాంట్లు దీనికో ఉపాయం పట్టాయి. ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, పక్కపక్కన ఒకేలాంటివి పడకుండా ఫాంటే మారుస్తుంది. వాళ్లకు 26 అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులతో సరిపోతుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే ఒక్క సెట్టుకే వందల్లో గీయాలి. రెండో రూపమంటే మళ్లీ అన్ని. పనులు లేని నెలలు రెండు మూడు వరుసగా వచ్చిన ఏ ఫ్రీలాన్సరో మొదలుపెట్టాల్సిన పని ఇది. దాన్ని కొనడానికి ఇక్కడ తెలుగులో కామిక్స్ వేసే ప్రచురణకర్తలు ఎందరన్నది ఆ తర్వాత లెక్క.