పాత పడవకు క్రొత్త మోటారు

మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో పలువురు సముద్రపు టొడ్డునగల పల్లెలనుండి వచ్చువారు. వారి యిండ్లలో పడవమోటారు వంటపొయ్యివలెనే సంసారమునకు ముఖ్యమైన వస్తువు. ఒక యుదయమున నది పలుకకున్నచో ఆనాటి సంపాదన లేదు. ఆ మోటారు అరిగిపోయి, పడవయు పాతదై యున్నపుడు, క్రొత్తదానిని కొని తెచ్చి యమర్చుట యెట్లు అను విషయమును ఈ వ్యాసమునందు వివరింప దలచితిమి. అంగడివారు మోటారు గుణములను చెప్పుదురుగాని మన పడవ సంగతి చెప్పజాలరు. చిక్కులలో ననేకము పడవయందే యున్నవి.

పడవ వెనుక తగిలించు మోటారు క్రొత్తగా వచ్చినది కాదు. 1881వ సంవత్సరముననే పారిసు నగరమున గుస్తావ్ త్రువే యను నతడు విద్యుచ్ఛక్తితో నడచు మోటారును పడవ చుక్కానికి అమర్చి సేను నదిలో నడిపి చూపెను. నార్వే దేశమున జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకమునకు తెచ్చిన పెట్రోలు మోటారు ఒకటిన్నర అశ్వశక్తి గలది. బరువు 62 పౌనులు. తాను వివాహమాడదలచిన కన్యకొరకు ఎండలో తెడ్డువేసికొనుచు సరస్సు దాటి ఐస్‌క్రీము తేబోగా నది కరగిపోయెననియు, అందుచేతనే యతనికి ఈ యూహ పుట్టెననియు నొక కథ గలదు. కథ యెట్లున్నను యంత్రము మాత్రము లోకమంతట వ్యాపించెను. మన తీరమున తెరచాపతోను తెడ్లతోను నడచిన తెప్పలకును నావలకును బదులుగా నేడు ఫైబరు పడవలు విస్తారముగా వచ్చినవి. వానికి తొమ్మిది, పది అశ్వశక్తుల మోటార్లు సాధారణము.

మోటారు ఎక్కడ చెడినను నష్టమే. కాని కెరటములు విరుగుచోట చెడిన ప్రాణాపాయము. మన తీరమున పలుచోట్ల రేవులు లేవు. పడవ నేరుగా ఇసుకకు రావలయును. విరుగుచున్న కెరటముల నడుమ మోటారు ఆగినచో పడవకు నడక పోవును. నడక పోయిన చుక్కాని పట్టు పోవును. అంతట పడవ కెరటమునకు అడ్డముగా తిరిగి బోర్లపడును. కావున మోటారు మార్పిడి సొమ్ముకు సంబంధించిన విషయము మాత్రమే యని యెంచరాదు.

మొట్టమొదట చూడవలసినది మోటారును మోయు వెనుకపలక. ఫైబరు పడవలలో ఈ పలక పైకి ఫైబరుగా కనబడినను, అనేక పడవలలో లోపల కొయ్యపలకలు పొదిగియుండును. పాత మోటారు మరమేకులు దిగిన రంధ్రములగుండా ఏండ్ల తరబడి నీరు ఊరి లోపలి కొయ్యను కుళ్లజేయును. పైపూత చక్కగా మెరయుచునే యుండును. దీనిని కనిపెట్టుటకు చిన్న సుత్తితో పలకయంతయు మెల్లగా తట్టి వినవలెను. గట్టిచోట గణగణమను ధ్వనియు, కుళ్లినచోట బద్దకపు చప్పుడును వచ్చును. పిమ్మట పాత మోటారును పైకి వంచి, దాని క్రిందికొసపై చేతులతో బలముగా నొత్తి చూడవలెను. పలక ఏమాత్రము కదలినను అనుమానింపవలసినదే. ఇంకను సందేహమున్నచో లోపలివైపున అడుగునకు దగ్గరగా సన్నని రంధ్రము చేసి, బరమాతో వచ్చిన పొట్టును చూడవలెను. పొడిగా తెల్లగా నున్న మంచిది. తడిసి నల్లనైనచో పలక చెడినది.

చెడిన పలకపై క్రొత్త మోటారు బిగించుట కూలనున్న గోడకు క్రొత్త తలుపు పెట్టుట వంటిది. లోపలి ఫైబరు పొరను కోసి, కుళ్లిన కొయ్యను పూర్తిగా తీసి, ఆరనిచ్చి, నీటికి తాళు ప్లైవుడ్డును ఎపాక్సీ జిగురుతో అతికి, మరల ఫైబరు పొరలు వేయింపవలెను. ఈ పనికి కొన్ని దినములు పట్టును. ఆ దినములు వేటలేదు. అప్పుచేసి మోటారు కొన్న యింట నిది యెంత భారమో మేమెరుగుదుము. అయినను మోటారు కొనుటకు పూర్వమే పలకను పరీక్షించినచో ఆ ఖర్చును ముందుగనే లెక్కలో వేసికొనవచ్చును.

తరువాతిది కొలత. మోటారు కాలు పొట్టిది, పొడుగుది అని రెండు విధములుగా సాధారణముగా దొరకును; పొట్టిది 15 అంగుళములు, పొడుగుది 20 అంగుళములు ఎత్తుగల పలకకు సరిపోవును. పలక పైయంచునుండి పడవ అడుగువరకు నిలువుగా కొలిచి చూచుకొనవలెను. పంకాకు పైన చదునైన రేకు ఒకటి యుండును. అది పడవ అడుగుతో సమముగానో, ఒక అంగుళము లోతుగానో యుండుట మేలు. కాలు పొట్టిదైన కెరటముపై పడవ తోక లేచినపుడు పంకా గాలిని మ్రింగి ఊరక తిరుగును. మిక్కిలి పొడుగైన నీటి యొరపిడి హెచ్చును, ఒడ్డునకు వచ్చునపుడు ఇసుకను తాకును. పాత మోటారు ఏ కొలతదో అదియే తెచ్చుట క్షేమమని కొందరందురు. పాతది సరిగా అమరినదని రూఢి యున్నప్పుడే ఆ మాట చెల్లును.

బలము సంగతి. రెండింతల బలముగల మోటారు రెండింతల వేగము నిచ్చునని బాలురు తలతురు. నీటిని చీల్చుకొనిపోవు బరువైన పడవకు వేగము దాని నీటిమట్టపు పొడవునుబట్టి యుండును. అడుగులలో ఆ పొడవునకు వర్గమూలము తీసి 1.34చే గుణించిన, సుమారుగా దాని గరిష్ఠవేగము నాట్లలో వచ్చును. 25 అడుగుల కిది 6.7 నాట్లు, అనగా గంటకు పండ్రెండు కిలోమీటర్లకు కొంచెము పైన. ఆపైన ఎంత బలము పెట్టినను నూనెయే ఖర్చగును, అలయే పెద్దదగును. నీటిపైకి లేచి జారిపోవు తేలిక పడవలకు ఈ లెక్క పనికిరాదు. వానికైనను కట్టినవారు నిర్ణయించిన హద్దు దాటరాదు.

రెండు ఘాతముల మోటారు తేలిక. పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. కార్బురేటరు గల పాతరకములో ఇంధనమున కొంత భాగము మండకయే బయటికి పోవును. నాలుగు ఘాతములది ఇంధనమును పొదుపుచేయును, శబ్దము తక్కువ, కాని బరువెక్కువ. సాయంకాలము మోటారును విప్పి భుజముపై నింటికి మోసికొనిపోవువారికి ఆ బరువు చిన్న విషయము కాదు. దానిని తయారుచేసినవారు చెప్పిన ప్రక్కకే పడుకొనబెట్టవలెను. లేనియెడల నూనె సిలిండరులోనికి పోవును. ధరలో తేడా ఎంత, ఏడాదికి ఇంధనములో మిగులు ఎంత అను లెక్క పై తరగతుల విద్యార్థులు తమ తండ్రుల కొరకు వేసి యీయవచ్చును.

బిగించునపుడు పాత రంధ్రములను ఎపాక్సీతో పూడ్చి, క్రొత్తవి తొలిచి, తుప్పుపట్టని ఉక్కు మరమేకులను జలనిరోధక లేపనముతో దిగవేయవలెను. మరలు సడలినను మోటారు సముద్రము పాలు గాకుండ ఒక గొలుసుతో పడవకు కట్టియుంచవలెను. పడవ నమోదు పత్రమున మోటారు సంఖ్య వ్రాయబడియున్నచో మార్పును మత్స్యశాఖవారికి తెలుపవలెను.

పిమ్మట పరీక్ష. మొదటి పదిగంటలు పూర్తివేగమున నడపరాదు. అటుపిమ్మట వలలు, మంచు, మనుష్యులు అన్నిటితో పడవను నింపి, ప్రశాంతమైన దినమున పూర్తివేగమిచ్చి నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో మీటరుతో చూడవలెను. తయారుచేసినవారు 5000 మొదలు 6000 వరకు అనిరనుకొందము. మనకు 4600 వచ్చిన పంకా మిక్కిలి బరువైనది. ఒక చుట్టునకు ముందునకు పోవు దూరము రెండు మూడు అంగుళములు తక్కువగా గల పంకా వేసిన చుట్లు పెరుగును. ఒక్కొక్క అంగుళమునకు సుమారు 200 చుట్లు లెక్క. ఇట్లు చూడక నడపిన మోటారు నిత్యము బండెడు బరువును ఈడ్చు ఎద్దువలె త్వరలో చితికిపోవును.

నడుచుచున్నపుడు మోటారు ప్రక్కనుండి సన్నని నీటిధార వచ్చుచుండును. చల్లబరచు నీరు లోపల తిరుగుచున్నదని దాని యర్థము. ఆ ధార ఆగిన వెంటనే మోటారును ఆపవలెను. ఒడ్డునకు వచ్చిన తరువాత మంచినీటితో లోపలి ఉప్పును కడుగుట నిత్యకృత్యము. ఆపుటకై నడపువాని మణికట్టునకు త్రాడు కట్టు సౌకర్యము క్రొత్త మోటార్లలో గలదు; వాడు నీటిలో పడిన నది ఊడి యంత్రము ఆగును. చాలమంది దానిని చుట్టి మోటారు పైననే వ్రేలాడదీయుట చూచుచున్నాము.

పాత మోటారును వెంటనే ఇనుపకొట్టుకు తూచరాదు. అదే రకమైన క్రొత్తది కొన్నవారికి దాని పంకా, గొలుసు, మరమేకులు కొంతకాలము పనికివచ్చును. తెడ్లు మాత్రము, మోటారు ఎంత క్రొత్తదైనను, పడవలోనే యుండవలెను.