సంకరజాతి గొర్రెపిల్ల: లాభం ఎవరి దొడ్లో?

కిందటి వారం ఫోన్ చేసిన ఒక సోదరుడు ఇలా అడిగారు: "ఊళ్ళో మా తమ్ముడు సంకరజాతి గొర్రెపిల్లల్ని కొని, దొడ్లోనే దాణా పెట్టి మేపి అమ్ముతానంటున్నాడు. త్వరగా బరువొస్తాయట. డబ్బు పంపమంటారా?"

ఇలా మేపే దొడ్డినే ఇక్కడ ఫీడ్‌లాట్ అంటారు. మనముంటున్న టెక్సాస్ రాష్ట్రం గొర్రెలకు పేరుపడ్డది. అమెరికాలోకెల్లా పెద్ద గొర్రెల, మేకల సంత శాన్ ఆంజెలోలోనే ఉంది. ఇక్కడి పాతకాపు ర్యాంబులే, ఉన్ని గొర్రె. డార్పర్ మాంసం కోసం 1930లలో దక్షిణాఫ్రికాలో తయారైన జాతి. 1990లలో అమెరికాకు వచ్చింది. ర్యాంబులే తల్లికి డార్పర్ పొట్టేలుతో పుట్టిన పిల్లలు ఇక్కడ మామూలే.

రెండు జాతులకు పుట్టిన పిల్ల ఆ జాతుల సగటు కన్నా మెరుగ్గా ఉంటుంది. దీన్నే సంకర తేజం అంటారు. అయితే పెరుగుదలలో ఆ మెరుగు సుమారు 5 నుంచి 7 శాతమే. పిల్లలు చావకుండా బతకడంలో అది ఇంకా ఎక్కువ. తల్లి కూడా సంకరజాతిదైతే పాలు మరిచే పిల్లల సంఖ్యా పెరుగుతుంది. అంటే పెద్ద లాభం పిల్లల్ని పుట్టించేవాడిది. కొని మేపేవాడికి మిగిలేది కొంచెమే.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. 30 కిలోల పిల్లను 50 కిలోలకు తేవాలి. రోజుకు 250 గ్రాములు పెరిగితే 80 రోజులు. 6 శాతం ఎక్కువ పెరిగితే 75 రోజులు. రోజుకు కిలోన్నర దాణా తింటే మిగిలేది ఏడు కిలోల దాణా, అయిదు రోజుల చాకిరీ. సంకరజాతి అని అంతకు మించి ధర పెట్టి కొంటే, కొన్ననాడే లాభం పోయినట్టు! తండ్రి సఫోక్ వంటి భారీ జాతిదైతే తేడా పెరగవచ్చు. అది ఆ జాతి గుణం.

ఇంకో సంగతి. డార్పర్ రక్తం ఉన్న పిల్ల తక్కువ బరువులోనే కొవ్వు పడుతుంది. ఆ తర్వాత మేపిన దాణా కొవ్వుకే పోతుంది. సఫోక్ పిల్లను ఇంకా బరువెక్కేదాకా ఉంచవచ్చు. జాతిని బట్టి అమ్మే బరువు ముందే తెలిసుండాలి.

దాణా ఒక్కసారిగా పెంచితే పొట్టలో ఆమ్లం పెరిగి పిల్లలు చస్తాయి. రెండు వారాలు తీసుకుని మెల్లగా పెంచాలి. చిటుకు రోగానికి టీకా వేయించాలి. ఒక్క పిల్ల చచ్చినా పక్కనున్న ఎన్నో పిల్లల లాభం దానితో పోతుంది.

అందుకని, అన్నగారూ, మొత్తం డబ్బు ఒక్కసారే పంపకండి. ముందు పది ఊరి పిల్లలు, పది సంకరజాతి పిల్లలు కొనమనండి. ఒకే దాణా పెట్టి, వారం వారం తూచి, కొన్న ధర, మేత ఖర్చు, అమ్మిన ధర రాయమనండి. ఆ కాగితం చూశాక మిగతాది పంపుదురుగాని.

సెలవు.