పుట్టుకతో వచ్చే ముఖ అసౌష్ఠవం - బాల్యంలో దవడ శస్త్రచికిత్స

పుట్టుకతోనే ముఖంలో ఒక పక్క రెండవ పక్క కంటె చిన్నదిగా ఏర్పడే లోపాలలో ముఖ్యమైనది హెమీఫేషియల్ మైక్రోసోమియా. దీనినే క్రేనియోఫేషియల్ మైక్రోసోమియా అని కూడా అంటారు. ముఖానికి సంబంధించిన పుట్టుక లోపాలలో గ్రహణమొర్రి తరువాతి స్థానం దీనిదే. సుమారు 3,500 నుండి 5,600 జననాలకు ఒకటి చొప్పున కనిపిస్తుందని అంచనా. కింది దవడ ఒక వైపు పొట్టిగా ఉండి, గడ్డం ఆ వైపుకు తిరిగి ఉంటుంది. తరచుగా ఆ పక్క చెవి కూడా చిన్నదిగా ఉంటుంది. గర్భంలోని తొలి వారాలలో దవడ, చెవి రూపొందే భాగాలు సరిగా ఎదగకపోవడం వలన ఇది వస్తుంది. తల్లి గ్రహణం చూడడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

చికిత్స

1969లో ప్రుజాన్‌స్కీ ఈ దవడ లోపాన్ని మూడు తరగతులుగా విభజించాడు. తీవ్రమైన మూడవ తరగతిలో దవడ కీలు భాగమే ఉండదు. అటువంటి పిల్లలకు పక్కటెముక ముక్కను తీసి దవడకు అతుకుతారు. ఆ ముక్క ఎంత పెరుగుతుందో ముందుగా చెప్పలేము. కొందరిలో అసలు పెరగదు, కొందరిలో మితిమీరి పెరిగి గడ్డాన్ని రెండవ వైపుకు నెడుతుంది.

రెండవ పద్ధతి ఎముకను సాగదీయడం (డిస్ట్రాక్షన్). సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ కాళ్ళు, చేతుల ఎముకల కోసం అభివృద్ధి చేసిన ఈ పద్ధతిని పిల్లల కింది దవడకు వాడిన ఫలితాలను న్యూయార్కుకు చెందిన జోసెఫ్ మెకార్తీ బృందం 1992లో ప్రచురించింది. ఎముకను కోసి, పరికరం బిగించి, కొద్ది రోజులు ఆగి, రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున మర తిప్పుతారు. ఖాళీలో కొత్త ఎముక ఏర్పడుతుంది. అది గట్టిపడే వరకు మరి కొన్ని వారాలు పరికరం ఉంచాలి.

దీర్ఘకాల ఫలితాలు

శస్త్రచికిత్స అయిన వెంటనే గడ్డం మధ్యకు వస్తుంది, తల్లిదండ్రులు సంతోషిస్తారు. కాని పొడవు పెరిగిన ఎముకకు పెరిగే శక్తి మాత్రం పెరగదు. ఆరోగ్యంగా ఉన్న వైపు తన వేగంతో తాను పెరుగుతూ పోతుంది కనుక కొన్నేళ్ళలో తేడా మళ్ళీ బయటపడుతుంది. మిలన్‌లో మియాజ్జీని బృందం ఇటువంటి పిల్లలను పెరుగుదల ముగిసే వరకు పరిశీలించి, రెండు పక్కల ఎత్తుల నిష్పత్తి క్రమంగా మొదటి స్థితికే చేరుకున్నదని 2012లో తెలిపింది. అంతకు ముందు, 2009లో, నాగీ తదితరులు అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, బాల్యంలో చేసిన సాగదీతకు దీర్ఘకాల ప్రయోజనం రుజువు కాలేదన్నారు.

అలాగని బాల్యంలో శస్త్రచికిత్స వ్యర్థమని అర్థం కాదు. దవడ మరీ చిన్నదై శ్వాస, నిద్ర, ఆహారం దెబ్బతింటున్న బిడ్డకు అది అత్యవసరం. బడిలో హేళనకు గురయ్యే బిడ్డకు కొన్నేళ్ళ ఉపశమనం కూడా చిన్న విషయమేమీ కాదు. కేవలం రూపం కోసమైతే పెరుగుదల ముగిసే దాకా, అంటే 16-18 ఏళ్ళ వరకు, ఆగడం మేలని చాలామంది నిపుణుల అభిప్రాయం. చిన్నప్పుడు చేయించుకున్నవారిలో అనేకులకు ఆ వయసులో రెండవ శస్త్రచికిత్స తప్పడం లేదు.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో

2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోని ఈ రెండు పట్టణాలూ కర్నూలు - కడప రహదారి మీద ఉన్నాయి. ఆ రెండు నగరాలలోనూ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి కనుక పళ్ళ వరుస పరీక్షలకు అంత దూరం వెళ్ళనక్కరలేదు. ముఖ, కపాల శస్త్రచికిత్సలో అనుభవం ఉన్న బృందాల కోసం మాత్రం సాధారణంగా హైదరాబాదు వంటి నగరాలకు వెళ్ళవలసి వస్తుంది. సాగదీతను ఎంచుకుంటే వారాల తరబడి మర తిప్పడం, మధ్యలో తనిఖీలు, ఆపైన పదేళ్ళకు పైగా పరిశీలన ఉంటాయి. కూలి పని మీద బతికే కుటుంబానికి శస్త్రచికిత్స ఖర్చు కంటె ఈ ప్రయాణాలే ఎక్కువ భారం కావచ్చు. ఆసుపత్రి మారినప్పుడు పాత ఎక్స్-రేలు, ఫొటోలు, పళ్ళ అచ్చులు లేకపోతే తేడా ఎంత తిరిగి వచ్చిందో కొత్త వైద్యుడు కొలవలేడు. అందువలన వాటిని మొదటి నుండీ భద్రపరచుకోవాలి.