గడప లోపలి నీరు ఎవరి బాధ్యత?

వానాకాలం ప్రవేశించగానే హైదరాబాద్ బస్తీలలో ఏటా రెండు దృశ్యాలు కనిపిస్తాయి. సాయంత్రం నగరపాలక సంస్థ వారి ఫాగింగ్ యంత్రం సందులోకి రాగానే పిల్లలు ఆ పొగ వెంట పరుగెత్తుతారు. ఇక దోమల బెడద తీరిందని పెద్దలు తృప్తి పడతారు. అదే సంస్థ సిబ్బంది ఉదయం వచ్చి, ఇంట్లో నిలువ ఉన్న నీటిని చూస్తామని తలుపు తడితే మాత్రం, "మా ఇంట్లో దోమలు లేవు" అని పంపివేసేవారు తక్కువేమీ కాదు. నిజానికి పొగ వల్ల కలిగే మేలు స్వల్పం. నీటి పరిశీలన వల్ల కలిగే మేలు అధికం. ఈ తేడా గ్రహించని చోట ముందుగా మంచం పట్టేది పసిపిల్లలే.

మంచినీటిలో పుట్టే దోమ

దోమ అనగానే మనకు మురికి కాలువ గుర్తుకు వస్తుంది. డెంగీని మోసుకువచ్చే ఏడిస్ దోమ అలాంటిది కాదు. అది ఇళ్లలోనూ ఇళ్ల పరిసరాలలోనూ నిలిచిన శుభ్రమైన నీటిని ఎంచుకుంటుంది. పగటివేళ కుడుతుంది, ముఖ్యంగా ఉదయం పూట, సూర్యాస్తమయానికి ముందు. పుట్టిన చోటి నుండి సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు. కనుక మన బిడ్డను కుట్టిన దోమ మన ఇంట్లోనో, పొరుగింట్లోనో పుట్టినదై ఉంటుంది.

ఈ దోమ నీటిమట్టానికి కాస్త పైన, పాత్ర అంచుకు గుడ్లు అంటిస్తుంది. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. పొగ ఎగిరే దోమలను మాత్రమే చంపుతుంది. డ్రమ్ములోని పిల్లపురుగులను తాకనైనా తాకదు. నేడు పొగ వేసినా వారం తిరిగేసరికి కొత్త దోమలు రావడానికి కారణం ఇదే.

దోమకూ మలేరియాకూ గల సంబంధాన్ని లోకానికి చూపినది మన నగరమే కావడం గమనార్హం. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

గడప దగ్గర ఆగే అధికారం

పూర్వపు ముస్లిం నగరాలలో వీధులు, బజార్లు, తూనికలు, నీటి వసతులపై పర్యవేక్షణకు 'ముహ్తసిబ్' అనే అధికారి ఉండేవాడు. 11వ శతాబ్దపు న్యాయకోవిదుడు అల్ మావర్దీ 'అల్ అహ్కామ్ అస్సుల్తానియ్యా' గ్రంథంలో ఈ వ్యవస్థకు ఒక అధ్యాయమే కేటాయించారు. ఊరి నీటి వసతి పాడైతే బాగు చేయించడం ఆ అధికారి విధి. అయితే బయటికి కనిపించని విషయాలను కూపీ లాగే అధికారం సాధారణంగా అతనికి లేదని కూడా ఆయన వివరించారు. అధికారం గడప దగ్గర ఆగినంత మాత్రాన బాధ్యత ఆగిపోదు. అది ఇంటి యజమానికి, గృహిణికి చేరుతుంది. తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నింపబడతారన్న ప్రవక్త (స) బోధ మనకు సుపరిచితమే. రాత్రివేళ పాత్రలపై మూతలు ఉంచమని కూడా ఆయన ఉపదేశించారు. ఏడిస్ దోమ సంగతి ఎరుగని కాలంలోనే మన పెద్దల ఇళ్లలో ఆ అలవాటు ఉండేది.

తలుపు తట్టినప్పుడు

పురుషులు పనులకు వెళ్లిన వేళ సిబ్బంది వస్తే, ఇంట్లో ఒంటరిగా ఉన్న స్త్రీలు సంకోచించడం సహజం. ఆ సంకోచాన్ని మేము తప్పు పట్టము. దానికి మార్గాలున్నాయి. గుర్తింపు కార్డు చూపమని అడగవచ్చు. ఆశా కార్యకర్తతో కలిసి రమ్మని కోరవచ్చు. పరదా పాటించే ఇళ్లకు ఏ వేళ అనువైనదో మస్జిద్ కమిటీ పెద్దలు వార్డు కార్యాలయంలో ముందే మాట్లాడవచ్చు. తలుపు పూర్తిగా మూసివేయడం మాత్రం పరిష్కారం కాదు.

వారానికి పది నిమిషాలు

2020 మే నెలలో తెలంగాణ పట్టణాలలో 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అనే కార్యక్రమం మొదలైంది. దోమ పెరగడానికి వారం పైగా పడుతుంది గనుక, వారానికి ఒకసారి నీరు పారబోస్తే దాని జీవితచక్రం తెగిపోతుంది. ఈ పనిని కుటుంబమంతా కలిసి చేయాలి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే బస్తీలలో డ్రమ్ములు లేనిదే గడవదు. వాటిని వారానికోసారి ఖాళీ చేసి, అంచులు పీచుతో రుద్ది, ఎండబెట్టి, గుడ్డతో గానీ మూతతో గానీ బిగించాలి. ఎయిర్ కూలర్, ఫ్రిజ్ వెనుక పళ్లెం, మనీప్లాంట్ సీసా, పూలకుండీల కింది పళ్లేలు, మిద్దె మీది పాత టైర్లు, కొబ్బరి చిప్పలు పిల్లలకు అప్పగిస్తే ఉత్సాహంగా వెదికి చూపుతారు. పక్షుల కోసం పెట్టే నీటి మూకుడు పుణ్యకార్యమే. అందులోని నీటిని ప్రతిరోజూ మార్చాలి. వుజూ హౌజులలో గంబూసియా చేపలను వదిలితే అవి పిల్లపురుగులను తింటాయి. మేము బోధించే మదరసాలో గురువారం మధ్యాహ్నం పాఠం ముగిశాక విద్యార్థులు ఈ పని చేస్తారు.

జ్వరం వస్తే

డెంగీకి ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, ద్రవపదార్థాలు, వైద్యుని పర్యవేక్షణ ముఖ్యం. జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావానికి దారి తీయవచ్చు గనుక సొంతంగా వాడరాదు. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోవడం ప్రమాదకరం. అసలు అపాయం తరచుగా అప్పుడే మొదలవుతుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, బిడ్డ మందకొడిగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మామూలు జ్వరానికి 2018 నుండి బస్తీ దవాఖానాలు అందుబాటులో ఉన్నాయి. అక్కడ వైద్యుని సలహా, మందులు, రక్తపరీక్షలు ఉచితం.

ఈ శుక్రవారం నమాజు తర్వాత మస్జిద్‌లో ఒక్క నిమిషం ప్రకటనకు కేటాయించమని ఇమాములను మేము కోరుతున్నాము. వార్డు సిబ్బంది ఏ రోజు వస్తారో, దవాఖానా ఎక్కడుందో ఆ ఒక్క నిమిషంలో చెప్పవచ్చు. డ్రమ్ములోని నీరు పారబోసే పని మాత్రం ఎవరి ఇంట్లో వారే చేసుకోవాలి.